విశాఖలో అద్దెకు తీసుకున్న కారు, హన్మకొండ దాకా వచ్చిన బిల్లు

ప్రశ్న: గత డిసెంబరు చివరి వారంలో నేను, మావారు, మా అత్తయ్యగారు, పదేళ్ల మా అబ్బాయి కాజీపేటలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖపట్నం వెళ్లాము. అన్నవరం, బొర్రా గుహలు, అరకు చూడాలన్నది ఆలోచన. ఫోనులోనూ వాట్సాప్‌లోనూ మాట్లాడుకుని, ఒక స్థానిక ఏజెన్సీ నుంచి మేమే నడుపుకునే కారును రోజుకు 2,800 రూపాయల చొప్పున మూడు రోజులకు తీసుకున్నాము. 10,000 రూపాయల డిపాజిట్టుతో పాటు మావారి ఒరిజినల్ ఓటరు కార్డు, సంతకం చేసిన ఒక ఖాళీ చెక్కు కూడా తీసుకున్నారు. ఇంకా పూర్తిగా తెల్లవారకముందే స్టేషను బయట కారు అప్పగించారు. అది ఫొటోలో చూపిన కారు కాదు. నంబరు ప్లేటు తెల్లది. మీటరు 90 వేల కిలోమీటర్లు దాటి ఉంది. మొదటి రోజు అన్నవరం వెళ్లి వచ్చాక, సాయంత్రం బీచ్ రోడ్డులో ఇంజను శబ్దం పెరుగుతున్నా బండి లాగడం లేదని మావారు ఏజెన్సీకి వాయిస్ మెసేజి పెట్టారు. ‘క్లచ్ కొత్తగా వేయించాం, అలాగే ఉంటుంది’ అని జవాబు వచ్చింది. మర్నాడు అనంతగిరి ఘాట్‌లో కాలిన వాసన వచ్చి బండి ఆగిపోయింది. గంటన్నర ఆగి, చల్లారాక మెల్లగా అరకు చేరాము. అక్కడ హోటలు ప్రహరీకి తగిలి ముందు బంపరు మీద ఒక గీత పడింది, అది మా తప్పే. మూడో రోజు కారును రెండు గంటలు ఆలస్యంగా అప్పగించాము. వారం తరువాత బిల్లు వచ్చింది: క్లచ్ మార్పిడికి 14,500, బంపరుకు 6,000, కారు నాలుగు రోజులు షెడ్డులో ఉన్నందుకు అద్దె 11,200, ఫాస్టాగ్ 640, ఆలస్యానికి 500, మొత్తం 32,840. డిపాజిట్టు పోగా ఇంకా 22,840 కట్టమంటున్నారు. లేకపోతే చెక్కు బ్యాంకులో వేస్తామని, పోలీసు కేసు పెడతామని బెదిరిస్తున్నారు. మావారు ‘ఈ గొడవ మనకెందుకు, కట్టేద్దాం’ అంటున్నారు. కట్టాలా? ఇకమీదట డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోవడమే మేలా?
ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం: మీరు ఆ 22,840 రూపాయలు కట్టనక్కరలేదు. అలాగని ఒక్క రూపాయి కూడా ఇవ్వనని భీష్మించుకోవడమూ న్యాయం కాదు. మీరు నిజంగా ఇవ్వవలసిన చిన్న మొత్తాలను, ఇవ్వనక్కరలేని పెద్ద మొత్తాలను ఏజెన్సీవారు ఒకే కాగితం మీద ఒకే కూడికగా వేసి పంపారు. మొత్తం బిల్లును కాదంటే బంపరు గీత దగ్గర మీరు దొరికిపోతారు, మొత్తం బిల్లును ఔనంటే క్లచ్ దగ్గర నష్టపోతారు. కనుక ఆ కూడికను విప్పి, ఏ పద్దుకు ఆ పద్దుగా జవాబు చెప్పాలి. అయితే ఆ లెక్కలోకి వెళ్లేముందు, మీరు ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన చెక్కు సంగతి చూడాలి. ఈ మొత్తం వ్యవహారంలో మీకు నిజంగా ఇబ్బంది కలిగించగలిగింది అదొక్కటే.

ఖాళీ చెక్కు ఇచ్చాం కాబట్టి అది చెల్లదని చాలామంది అనుకుంటారు. చట్టం అలా అనదు. సంతకం చేసిన ఖాళీ చెక్కును ఇష్టపూర్వకంగా ఒకరి చేతిలో పెడితే, దానిలో మొత్తాన్నీ తేదీనీ నింపుకునే వీలు వారికి ఇచ్చినట్టేనని చెక్కులకు వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం భావిస్తుంది. అది బౌన్సయి తిరిగి వచ్చి ఆ చట్టం 138వ సెక్షను కింద కేసయితే, ఆ చెక్కు బాకీ తీర్చడానికే ఇచ్చారని న్యాయస్థానం ముందుగా అనుకుంటుంది. బాకీ లేదని చూపవలసిన భారం మీ మీద పడుతుంది. ఆ భారం మోయలేనిదేమీ కాదు, కాని దానికి కాగితం కావాలి. అందుకని ఈ రోజే ఏజెన్సీకి వాట్సాప్‌లోనూ స్పీడ్‌పోస్టులోనూ ఒక మాట రాసి పంపండి: ఫలానా నంబరు చెక్కును కారుకు హామీగా మాత్రమే, మొత్తమూ తేదీ లేకుండా ఇచ్చామని, కారును ఫలానా తేదీన తిరిగి అప్పగించామని, మీరు అడుగుతున్న మొత్తాన్ని మేము ఒప్పుకోవడం లేదని, కనుక ఆ చెక్కును బ్యాంకులో వేయకుండా తిరిగి ఇవ్వాలని. ఆ తరువాతే మీ బ్యాంకుకు వెళ్లి చెల్లింపు నిలిపివేయమని రాతపూర్వకంగా చెప్పండి. ఖాతాలో మాత్రం వారడిగే మొత్తానికి మించిన నిల్వ ఉంచండి. డబ్బు లేక చెక్కు తిరిగి రావడం వేరు, డబ్బుండి కూడా సరైన కారణంతో ముందే చెప్పి ఆపించడం వేరు; రెండో సందర్భంలో మీ వాదనకు బలం ఉంటుంది. చెల్లింపు ఆపించినంత మాత్రాన కేసు రాదని కూడా అనుకోకండి. చెక్కు తిరిగి వెళితే వారు 30 రోజుల్లోపు మీకు నోటీసు పంపాలి. అది అందిన నాటి నుంచి డబ్బు చెల్లించడానికి మీకు 15 రోజుల గడువు ఉంటుంది. అటువంటి నోటీసు వస్తే మాత్రం సొంతంగా జవాబు రాయకుండా ఒక న్యాయవాదిని కలవండి, ఎందుకంటే ఆ 15 రోజుల్లో ఇచ్చే జవాబే తరువాత మీకు ఆధారమవుతుంది.

పోలీసు కేసు అన్నది చాలావరకు బెదిరింపు. కారును మీరు ఎగవేయలేదు, దాచలేదు, అమ్ముకోలేదు. వారి చేతికే తిరిగి ఇచ్చారు. మిగిలింది మరమ్మతు ఖర్చు ఎవరిదన్న తగాదా, అది సివిలు వ్యవహారం. ఒకవేళ స్టేషను నుంచి ఫోను వస్తే భయపడి డబ్బు పంపకుండా, వాయిస్ మెసేజి, బిల్లు, మీరు పంపిన ఉత్తరం నకలు పట్టుకుని వెళ్లి మర్యాదగా చూపించండి. ఓటరు కార్డు గురించి ఆందోళన పడవద్దు. దాన్ని అట్టే పెట్టుకున్నంత మాత్రాన వారికి మీ మీద ఏ హక్కూ రాదు. ఉత్తరంలో దాన్నీ తిరిగి అడగండి, ఇవ్వకపోతే నకలు కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇప్పుడు బిల్లు. ఫాస్టాగ్ 640 రూపాయలు ఇవ్వవలసిందే, అన్నవరం వెళ్లి వచ్చినది మీరే. అయితే టోలు కోత సమాచారం ట్యాగు ఎవరి పేరున ఉందో వారి ఫోనుకే వెళుతుంది కనుక, ఏ తేదీన ఏ టోలు ప్లాజాలో ఎంత కోసుకున్నారో చూపే స్టేట్‌మెంటు పంపమని అడగడం మీ హక్కు. మీ మూడు రోజుల ముందువో తరువాతవో అందులో కలిసిపోవడం అరుదేమీ కాదు. ఆలస్యపు రుసుము గంటకు 250 అని ముందే వాట్సాప్‌లో రాసి ఉంటే ఆ 500 కూడా మీదే.

బంపరు గీత మీ తప్పేనని మీరే అన్నారు. ఆ నిజాయితీని ఉత్తరంలో కూడా అలాగే ఉంచండి, మిగతా పద్దుల మీద మీ మాటకు విలువ వచ్చేది దానివల్లే. కాని గీత పడిన బంపరుకు రంగు వేయించడం వేరు, కొత్త బంపరు కొనుక్కోవడం వేరు. 90 వేల కిలోమీటర్లు తిరిగిన కారు బంపరు మీద మీ గీత ఒక్కటే ఉండి ఉంటుందని నేను అనుకోను. తెల్లవారకముందు చీకట్లో అప్పగించడం వల్ల పాత గీతలు మీకు కనబడలేదు, వారికది అనుకూలించింది. సాధారణ వాహన బీమాలో సైతం ప్లాస్టిక్, రబ్బరు భాగాల విలువలో 50 శాతం తరుగుదల తీసేసి మిగిలిందే చెల్లిస్తారు. సొంత సొమ్ముతో బీమా కొనుక్కున్న యజమానికే పాత భాగానికి కొత్త భాగం ధర పూర్తిగా రానప్పుడు, అద్దెకు తీసుకున్నవారి దగ్గర దాన్ని పూర్తిగా వసూలు చేయడంలో న్యాయం లేదు. హన్మకొండలోనే ఏదైనా పెయింటింగు షెడ్డులో ఆ కారు మోడలు చెప్పి, ముందు బంపరుకు రంగు వేయడానికి ఎంతవుతుందో ఒక కాగితం మీద రాయించుకోండి. నా అంచనాలో మీరు 3,000 ఇస్తామనడం సబబు. జీఎస్‌టీ నంబరు ఉన్న అసలు బిల్లు చూపితే దాన్నిబట్టి మాట్లాడతామనండి.

క్లచ్ దగ్గర కొంచెం నిలబడి ఆలోచించాలి, ఎందుకంటే మీ పక్షం ఎంత బలమైనదో, ఎక్కడ బలహీనమైనదో రెండూ ఇక్కడే ఉన్నాయి. క్లచ్ ప్లేటు బ్రేకు ప్యాడ్ల వలె, టైర్ల వలె వాడేకొద్దీ అరిగిపోయే భాగం. అరుగుదల చివరికి వచ్చినప్పుడు ప్లేటు జారడం మొదలవుతుంది. యాక్సిలరేటరు తొక్కితే ఇంజను గోల పెరుగుతుంది, బండి మాత్రం అందుకు తగ్గట్టు ముందుకు పోదు. మీవారు బీచ్ రోడ్డులో గమనించింది అక్షరాలా అదే. బీచ్ రోడ్డులో పెద్ద ఎక్కుడు లేదు, నలుగురే మనుషులు, అప్పటికి మీరు అనంతగిరి ఘాటు ఎక్కనే లేదు. అయినా ప్లేటు జారుతోందంటే, ఆ కారు మీ చేతికి వచ్చేసరికే దాని క్లచ్ చివరి దశలో ఉందన్న మాట. జారుతున్న ప్లేటుతో అనంతగిరి మలుపుల్లో ఎక్కితే రాపిడి వేడి పెరిగి కాలిన వాసన రావడం, బండి ఆగిపోవడం జరిగి తీరవలసినవే. మర్నాడు మీకు జరిగింది ముందు రోజు సాయంత్రమే మొదలైంది, దాన్ని ఏజెన్సీకి తెలియజేశారు, వారు పట్టించుకోలేదు.

అయితే అవతలి వైపు వాదన కూడా వినండి. ఘాట్ రోడ్డు అలవాటు లేని డ్రైవర్లు ఎక్కుడు మీద వాహనాల వరుస ఆగినప్పుడు హ్యాండ్ బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ పెడలును సగమే తొక్కి ఉంచి, బండిని నిలబెడతారు. అలా పది నిమిషాలు చేస్తే మంచి క్లచ్ కూడా దెబ్బతింటుంది. మీవారు అలా నడిపారా లేదా అన్నది ఆయనకే తెలుసు. ఆయనను తప్పుపట్టడానికి కాదు, రేపు ఎవరైనా అడిగితే తడబడకుండా చెప్పడానికి ఆ మాట ఇంట్లోనే ఒకసారి మాట్లాడుకోండి. డిసెంబరు సెలవుల్లో అరకు దారిలో వాహనాలు బారులు తీరడం మామూలే కనుక ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది. అయినా సరే, వాయిస్ మెసేజికి ‘క్లచ్ కొత్తగా వేయించాం’ అని వారిచ్చిన జవాబే వారికి అడ్డం వస్తుంది. నిజంగా కొత్తదైతే వేయించిన బిల్లు ఉండాలి, తేదీ ఉండాలి, అప్పటి మీటరు అంకె ఉండాలి. అవి చూపలేకపోతే మీ ఫిర్యాదును తోసిపుచ్చడానికి అబద్ధం చెప్పినట్టవుతుంది. ఒకవేళ చూపినా, అంత కొత్త క్లచ్ ఒక్క రోజు అన్నవరం ప్రయాణానికే ఎందుకు జారిందో వారే చెప్పవలసి ఉంటుంది.

చట్టం కూడా ఈ విషయంలో మీవైపే ఉంది. ఒకరి వస్తువు వాడుకకు మరొకరి చేతికి వచ్చి, పని తీరాక తిరిగి వెళ్లే సంబంధాలన్నిటికీ వర్తించే నియమాలు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఉన్నాయి. దాని 150వ సెక్షను ప్రకారం, వస్తువును అద్దెకు ఇచ్చినప్పుడు అందులోని లోపం వల్ల కలిగే నష్టానికి, ఆ లోపం తనకు తెలిసినా తెలియకపోయినా, ఇచ్చినవారిదే బాధ్యత. ఉచితంగా వాడుకోమని ఇచ్చిన స్నేహితుడికి ఇంత కఠినమైన పూచీ లేదు, తెలిసిన లోపం చెబితే చాలు. అద్దె పుచ్చుకున్నవారికి మాత్రం ‘నాకు తెలియదు’ అనే వెసులుబాటు లేదు. మీ వైపు బాధ్యతను 151వ సెక్షను చెబుతుంది: మామూలు వివేకం గల మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త మీరు తీసుకోవాలి. లోపం కనబడిన సాయంత్రమే తెలియజేయడం, వాసన రాగానే ఆపి గంటన్నర చల్లారనివ్వడం ఆ జాగ్రత్త కిందికే వస్తాయి. కాబట్టి 14,500 రూపాయల పద్దును పూర్తిగా నిరాకరించండి. మార్చిన పాత ప్లేటు ఫొటోను, చేసిన పని రాసి ఉండే షెడ్డువారి జాబ్ కార్డును, దాని మీద తేదీని, మీటరు అంకెను పంపమని అడగండి. చాలా తగాదాలు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే చల్లబడతాయి, ఎందుకంటే కొన్నిసార్లు ఆ మరమ్మతు అసలు జరిగే ఉండదు.

షెడ్డు అద్దె 11,200 రూపాయల పద్దు నాకు అన్నిటికంటే విడ్డూరంగా కనబడింది. క్లచ్ మార్చడం నాలుగు రోజుల పని కాదు, మంచి షెడ్డులో సాధారణంగా ఒక రోజులో అయిపోతుంది. పైగా ఆ నాలుగు రోజులూ ఆ కారుకు వేరే బేరం ఖాయంగా ఉండి, అది పోయిందని చూపితే తప్ప నష్టం జరిగిందనడానికి వీల్లేదు. ఒప్పంద పత్రంలో జరిమానా అంకె రాసి ఉన్నా, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం న్యాయస్థానం ఇప్పించేది ఆ అంకెకు లోబడిన సమంజసమైన పరిహారాన్నే గాని రాసి ఉన్న అంకెను యథాతథంగా కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇంకొంచెం ముందుకు వెళ్లి, మితిమీరిన డిపాజిట్లు అడగడాన్ని, జరిగిన నష్టంతో పొంతన లేని జరిమానా విధించడాన్ని అన్యాయమైన ఒప్పందం అనే నిర్వచనంలోకే చేర్చింది. అయితే అన్యాయమైన ఒప్పందమన్న పేరుతో వేసే ఫిర్యాదును జిల్లా వినియోగదారుల కమిషన్ వినదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఇంత చిన్న మొత్తానికి అది అనవసరం. సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న మాటలతో జిల్లా స్థాయిలోనే ఫిర్యాదు చేయవచ్చు.

ఇక తెల్ల నంబరు ప్లేటు. మనమే నడుపుకోవడానికి చట్టబద్ధంగా అద్దెకిచ్చే కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. డ్రైవరుతో తిరిగే ట్యాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు. తెల్ల ప్లేటు సొంత వాడకానికి. మోటారు వాహనాల చట్టం కింద 1989లో వచ్చిన రెంట్-ఎ-క్యాబ్ పథకం ప్రకారం లైసెన్సు కావాలంటే కనీసం 50 కార్లు, వాటికి అఖిల భారత టూరిస్టు పర్మిట్లు ఉండాలి. ఊళ్లలో కనిపించే చిన్న ఏజెన్సీలకు అంత శక్తి ఉండదు కనుక, వారి వీరి సొంత కార్లను నెలవారీ లెక్కన తీసుకుని తెల్ల ప్లేటుతోనే తిప్పుతుంటారు. అద్దె తక్కువగా ఉంటుందని మనమూ ఆ సంగతి చూసీ చూడనట్టు వెళుతుంటాము. సొంత వాడకానికి తీసుకున్న బీమా పాలసీ కిరాయికి తిప్పడాన్ని మినహాయిస్తుంది. కనుక ఆ ఘాట్‌లో మీ బండి ఆగిపోవడానికి బదులు ఎవరినైనా ఢీకొట్టి ఉంటే, బీమా కంపెనీ తన బాధ్యత లేదని వాదించేది, ఆ భారం యజమాని మీద, నడిపినవారి మీద పడే ప్రమాదం ఉండేది. బంపరు గీత కంటే, క్లచ్ కంటే, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ ప్లేటు రంగే.

ఆ విషయాన్ని రవాణా శాఖకు తెలియజేయడం మీ హక్కు, నా అభిప్రాయంలో బాధ్యత కూడా. కాని ‘మా బిల్లు తగ్గించకపోతే ఆర్టీఓకు చెబుతాం’ అని మాత్రం రాయకండి. అది బేరసారాలకు వాడే బెదిరింపుగా మారి, వారు మీకు చేస్తున్న పనినే మీరు వారికి చేసినట్టవుతుంది. రేపు కమిషన్ ముందు ఆ వాక్యం మీకే ఎదురు తిరుగుతుంది. ఫిర్యాదు చేయదలిస్తే వేరుగా, నిశ్శబ్దంగా చేయండి.

ఇప్పుడు లెక్క కట్టండి. ఫాస్టాగ్ 640, ఆలస్యం 500, బంపరు 3,000, వెరసి 4,140. మీ డిపాజిట్టు 10,000 నుంచి అది పోగా వారే మీకు 5,860 ఇవ్వాలి. ఉత్తరం చివర ఈ విధంగా రాయండి: ‘పై లెక్క ప్రకారం మీకు రావలసిన 4,140 రూపాయలను మా డిపాజిట్టు నుంచి మినహాయించుకుని, మిగిలిన 5,860 రూపాయలను, ఓటరు కార్డును, చెక్కును ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోపు తిరిగి పంపవలసిందిగా కోరుతున్నాము. క్లచ్ గురించి ఫలానా తేదీ సాయంత్రం మేము పంపిన వాయిస్ మెసేజి, దానికి మీరిచ్చిన జవాబు మా దగ్గర భద్రంగా ఉన్నాయి.’ కోపంగా ఒక్క మాట కూడా వద్దు. వాట్సాప్ సంభాషణను పూర్తిగా ఎగుమతి చేసి మరో ఫోనులోనో మెయిలులోనో దాచండి. పొరపాటున ఆ ఫోను పోతే మీ సాక్ష్యం దానితో పోతుంది.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయండి. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. వారు తీర్పు చెప్పరు, అవతలివారితో మాట్లాడి రాజీకి ప్రయత్నిస్తారు. పెద్ద కంపెనీలు ఆ పిలుపుకు స్పందిస్తాయి. వీధి చివరి ఏజెన్సీ స్పందిస్తుందని నేను భరోసా ఇవ్వలేను. ఆ తరువాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం తెచ్చిన మార్పుల్లో మీలాంటి యాత్రికులకు ఎక్కువగా పనికివచ్చేది, ఫిర్యాదుదారు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చన్న నిబంధన. దీని కోసం మీరు విశాఖ చుట్టూ తిరగనక్కరలేదు. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, సంఘటన జరిగిన రెండేళ్లలోపు ఎప్పుడైనా వేయవచ్చు, ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు. చట్టంలో రాసిన మూడు నెలల గడువులోనే తీర్పు వస్తుందని మాత్రం ఆశపడకండి. కేవలం 5,860 రూపాయల కోసం అంత దూరం వెళ్లాలా అన్నది మీ ఓపికను బట్టి ఉంటుంది. వారు చెక్కును బ్యాంకులో వేస్తే మాత్రం తప్పకుండా వెళ్లమంటాను, అప్పుడు మీ ఫిర్యాదే మీకు రక్షణ. ఫిర్యాదులో ప్రతివాదిగా మీరు డబ్బు చెల్లించిన ఏజెన్సీని చూపండి. కారు రిజిస్ట్రేషను మీద మరొకరి పేరు ఉండే అవకాశం ఎక్కువ, ఆ వ్యక్తికి మీ బేరం సంగతే తెలియకపోవచ్చు.

మీవారు అన్న ‘కట్టేద్దాం’ అన్న మాటను నేను తేలిగ్గా తీసుకోను. మనశ్శాంతికి కూడా ఒక ధర ఉంటుంది, కొందరు దాన్ని ఇష్టపూర్వకంగా చెల్లిస్తారు. కాని ఇక్కడ 22,840 కట్టినా చెక్కు వారి దగ్గరే ఉంటుంది. దాన్ని చేతిలోకి తీసుకోకుండా రూపాయి ఇచ్చినా మీరు కొనుక్కున్నది శాంతి కాదు.

ఇకమీదట ఎలా అని అడిగారు. పదేళ్ల క్రితం బెంగళూరులో ఇలాగే కారు తీసుకుని కొడగు వెళ్లినప్పుడు మడికేరికి ఇవతల నా టైరు పంక్చరయింది. డిక్కీ తెరిస్తే స్టెప్నీ ఉంది, అందులో గాలి లేదు; జాకీ ఉంది, దాన్ని తిప్పే కడ్డీ లేదు. తీసుకునేటప్పుడు నేను బయటి గీతలన్నిటినీ ఎంతో శ్రద్ధగా ఫొటోలు తీశాను, డిక్కీ మాత్రం తెరవలేదు. ఆ రోజు నుంచి కారు చుట్టూ తిరిగి వీడియో తీయడంతో పాటు మీటరు, ఇంధనం ముల్లు, టైర్ల అరుగుదల, స్టెప్నీ, జాకీ అదే వీడియోలో వచ్చేలా చూసుకుంటున్నాను. అప్పగించేవారి ఎదుటే తీసి అక్కడికక్కడే వారికే వాట్సాప్‌లో పంపితే, ఆ తేదీ, సమయం మీ సాక్షులవుతాయి. తిరిగి ఇచ్చేటప్పుడు కూడా అలాగే తీసి, ‘కారు సరిగా అందింది’ అని ఒక్క ముక్క రాయించుకోవాలి. మీరు ఈ రెండో పని చేయకపోవడం వల్లే వారం తరువాత బిల్లు పుట్టుకొచ్చింది. చీకట్లో అప్పగిస్తామంటే స్టేషను దీపాల కిందికి తెమ్మనండి, అదీ కుదరదంటే వెలుగు వచ్చేదాకా టీ తాగుతూ కూర్చోండి. బయలుదేరే ముందు ఒక కిలోమీటరు నడిపి, మూడో గేరులో యాక్సిలరేటరు తొక్కి చూస్తే క్లచ్ సంగతి అక్కడే తెలిసిపోతుంది. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఆ కారు ఏ తరగతి వాహనమో, బీమా, కాలుష్య ధ్రువపత్రం ఎప్పటిదాకా ఉన్నాయో కనబడుతుంది. ఖాళీ చెక్కు, ఒరిజినల్ గుర్తింపు కార్డు అడిగితే ఆ బేరమే వదిలేయండి. అవి అడగని ఏజెన్సీ అద్దె రోజుకు 500 ఎక్కువైనా చివరికి చవకే.

డ్రైవరుతో కారు మాట్లాడుకుంటే క్లచ్, గీతలు, చలాన్లు మీ తలనొప్పి కావు, నిజమే. వాటి స్థానంలో వేరేవి వస్తాయి. కిలోమీటర్ల లెక్క మీరు ఎక్కిన చోటు నుంచి కాక కారు షెడ్డు నుంచి షెడ్డుకు కడతారు. మీరు 120 కిలోమీటర్లే తిరిగినా రోజుకు 250 లేదా 300 కనీసంగా వేస్తారు. డ్రైవరు బత్తా, రాత్రి బత్తా, పార్కింగు, టోలు విడిగా ఉంటాయి. ఘాట్‌లో ఏసీ ఆపేస్తారు. అరకు దాటి ఒడిశా వైపు అడుగుపెడితే పర్మిటు ఖర్చు మీదంటారు. ఇవి మోసాలు కావు, ముందు చెప్పకపోవడమే మోసం. కనుక వీటన్నిటికీ జవాబులు బయలుదేరే ముందు రోజే వాట్సాప్‌లో రాయించుకోండి.

అయితే అత్తయ్యగారిని వెంటబెట్టుకుని మళ్లీ అరకు వెళ్లాలనుకుంటే, నేను కారు మాటే ఎత్తను. విశాఖ నుంచి ఉదయం బయలుదేరే కిరండూల్ ప్యాసింజరుకు 2017 నుంచి అద్దాల విస్టాడోమ్ బోగీ కూడా ఉంది. యాభైకి పైగా సొరంగాల గుండా, బొర్రా మీదుగా అది మిమ్మల్ని అరకులో దింపుతుంది. అక్కడ స్టేషను బయటే పసుపు ప్లేటు కార్లు, ఆటోలు ఉంటాయి. చుట్టుపక్కల చూడవలసిన చోట్లన్నీ చెప్పి, ఒక పూటకు బేరమాడి తిరగండి. ఆ రైల్లో టికెట్లు, ముఖ్యంగా డిసెంబరు, జనవరి నెలల్లో, త్వరగా అయిపోతాయి. కాజీపేట నుంచి టికెట్లు తీసుకునే రోజే అవి కూడా తీసుకోండి.